చివరి అంకంలో నర్సు

నేను ఏం ఉద్యోగం చేశానో మా అత్తగారికి చివరిదాకా అంతుపట్టలేదు. "మా కోడలు దుబాయ్‌లో నాటకాల హాల్లో పని చేస్తుంది, కానీ వేషం కట్టదు" అని చుట్టాలకి చెప్పేవారు. నిజం చెప్పొద్దూ, అంతకంటే బాగా నేనూ చెప్పలేను.

నేను స్టేజ్ మేనేజర్‌ని. తెర పక్కన చీకట్లో ఓ బల్ల, దాని మీద చిన్న దీపం, వరసగా స్విచ్చులు, చెవులకి హెడ్‌సెట్. ప్రదర్శన నడుస్తున్నంతసేపూ ఎవరు ఎప్పుడు రావాలో, లైటు ఎప్పుడు మారాలో, తెర ఎప్పుడు పడాలో చెబుతూ ఉండాలి. నటులు ఏడుస్తారు, జనం ఏడుస్తారు, మనం మాత్రం "తెర, ఇప్పుడు" అనాలి. పెళ్లిలో పందిట్లో కూర్చోకుండా వంటల దగ్గర నిలబడిపోయే మేనత్త ఉంటుందే, ఆవిడ పనే ఇది. పెళ్లి బాగా జరిగితే ఆవిడ ఎవరికీ గుర్తుండదు. సాంబారు మాడితే మాత్రం అందరూ ఆవిడ్నే వెతుక్కుంటూ వస్తారు.

పోయినేడాది రిటైరయ్యాను. అప్పట్నించీ కాకినాడ నుంచి, హైదరాబాద్ నుంచి పిల్లలు ఫోన్ చేసి "ఆంటీ, ఈ లైన్లోకి రావాలనుంది, ఏం కోర్సు చదవమంటారు?" అని అడుగుతున్నారు. కోర్సుల సంగతి మీకే బాగా తెలుసు. కోర్సులో చెప్పనివి నాకు కొన్ని తెలుసు, అవి రాస్తున్నాను. ఎక్కువ భాగం ఒక్క ప్రదర్శన గురించే. మిగతావన్నీ ఒకదాంట్లో ఒకటి కలిసిపోయాయి గానీ అది మాత్రం విడిగా ఉండిపోయింది.

మా ముదీర్

ముందు మా బాస్ సంగతి. పేరు నబీల్, బేరూత్ మనిషి. మేమంతా ముదీర్ అనేవాళ్లం, అంటే మేనేజరు. ఆయన నన్ను ఉద్యోగంలోకి తీసుకున్నప్పుడు అనుభవం అడగలేదు, సర్టిఫికెట్లు చూడలేదు. "మాధవీ, కోపం రాకుండా కాదని చెప్పగలవా?" అన్నాడు. ఇద్దరు పిల్లల్ని పెంచానన్నాను. "ఖలాస్, ఇంకేం అక్కర్లేదు, ఆదివారం నుంచి రా" అన్నాడు.

తను మాత్రం కోపం లేకుండా అవునని కూడా చెప్పలేడు. ఒకసారి పెద్ద అతిథులు వస్తున్నారని స్వాగతం చెప్పేవాళ్లు బయట హాల్లో బఖూర్ వేశారు. మన సాంబ్రాణి లాంటిదే, ఇంకా ఘాటు. ఆ పొగ ఏసీ గొట్టాల్లోంచి తిన్నగా వేదిక మీదికి వచ్చింది. మొదటి పాట మధ్యలో హీరో గొంతు పట్టేసింది. నబీల్ ఆ బఖూర్ పాత్రని రెండు చేతులతో పట్టుకుని, సూటూ బూటూ వేసుకున్న అతిథుల మధ్యలోంచి తిట్టుకుంటూ పార్కింగ్‌లోకి పరిగెత్తాడు. మర్నాడు అందరికీ సారీ చెప్పి బక్లావా మిఠాయి పంచాడు. అలాంటి బాస్ దొరికితే వదలకండి. అరిచి మర్చిపోయేవాడితో పని చెయ్యొచ్చు. నవ్వుతూ గుర్తుపెట్టుకునేవాడితోనే కష్టం.

పాత కథకి కొత్త బట్టలు

2021 చలికాలంలో మాకు ఇటలీ వాళ్ల ఒపెరా ఒకటి వచ్చింది. ఒపెరా అంటే మొదట్నించీ చివరిదాకా పాడుతూనే నడిపే నాటకం. మన పద్యనాటకం చూసినవాళ్లకి కొత్తేమీ కాదు. ఇది పాత విషాదం. ఒక అమ్మాయి, ఆమెని ప్రేమించినవాడు, మధ్యలో వాళ్లని విడదీసిన పెద్దలు. అమ్మాయికి ఊపిరితిత్తుల జబ్బు. అతనికి నిజం తెలిసి పరిగెత్తుకొచ్చేసరికి ఆమె చివరి ఘడియల్లో ఉంటుంది. అతని చేతుల్లో ప్రాణం వదులుతుంది. తరతరాలుగా జనం ఆ చావు చూసి ఏడుస్తూనే ఉన్నారు.

పాత కథని ఈ కాలానికి మార్చి ఆడడం ఇప్పుడు మామూలైపోయింది. వాటిలో సగం ఉత్త వేషాలే అని నా గట్టి అభిప్రాయం. రాజుకి కూలింగ్ గ్లాసులు పెట్టి, రాణి చేతికి సెల్‌ఫోన్ ఇస్తే కథ కొత్తదైపోదు. మీ దగ్గరికి అలాంటి దర్శకుడెవరైనా వస్తే ఒక్కటే గమనించండి. ఆ మార్పు లేకపోతే అతనికి నిద్ర పట్టదా, పడుతుందా? పట్టేటట్టయితే అది ఫ్యాషన్.

సిల్వానాకి నిద్ర పట్టదు. ఉత్తర ఇటలీ నుంచి వచ్చిన దర్శకురాలు ఆమె. యాభై దాటిన సన్నటి మనిషి. ఎప్పుడూ ఒకే నీలం స్వెటరు. చివరి అంకం మొత్తం ఆస్పత్రి ఐసొలేషన్ గదిగా మార్చేసింది. మంచం, ఆక్సిజన్ గొట్టాలు, మధ్యలో పెద్ద గాజు గోడ. ప్రేమికుడు వస్తాడు గానీ గాజు అవతలే ఆగిపోతాడు. ముట్టుకోవడం లేదు. పాటంతా గాజుకి అటూ ఇటూ నిలబడే. అమ్మాయి ఒంటరిగా చనిపోతుంది.

మొదటి సమావేశంలోనే ఆమె ఇదంతా చెప్పింది. 2020 అప్పటికి ఇంకా ఎంతో దూరంగా లేదు. "మా అమ్మ ఇలాగే పోయింది" అని ఒక్క వాక్యం చెప్పి, కాగితాలు సర్దుకుంది సిల్వానా.

దగ్గు

చావు గురించి రాస్తున్నానని మీరు బిక్కమొహం వేసుకోనక్కర్లేదు. రిహార్సల్స్‌లో మేం నవ్వినంత ఇంకెప్పుడూ నవ్వలేదు.

అమ్మాయి వేషం అన్కాది. రొమేనియా నుంచి వచ్చిన గాయని. బలమైన మనిషి, పలకరిస్తే చాలు కౌగలించుకునే రకం, కౌగలింతలు నిషేధమైన రోజుల్లో పాపం చాలా ఇబ్బంది పడింది. మొదటి రోజు పాట మధ్యలో కథ ప్రకారం దగ్గింది. ఎంత బాగా దగ్గిందంటే, వేదిక మీద ఉన్న వాళ్లందరూ ఒక్కసారిగా మూడడుగులు వెనక్కి వేశారు. పియానో వాయించే ఆయన లేచి కిటికీ తెరిచాడు. అన్కా చుట్టూ చూసి "నేను నటిస్తున్నాను!" అని అరిచింది. ఎవరూ నమ్మలేదు. చివరికి నేనే ఒక ఒప్పందం పెట్టాను, నిజం దగ్గొస్తే ఎడమ చెయ్యి పైకెత్తాలి అని. దాంతో అందరూ దగ్గు వినడం మానేసి ఆమె ఎడమ చెయ్యి వైపే చూస్తూ కూర్చున్నారు. సిల్వానా తల పట్టుకుంది.

మీరూ నవ్వండి. పనిలో నవ్వు లేకపోతే ఇలాంటి కథలు మోయలేం.

జైనబీ

ఇప్పుడు అసలు మనిషి. జైనబీ మా డ్రెస్సర్, అంటే తెర వెనక నటులకి బట్టలు మార్చే మనిషి. ప్రొద్దుటూరు. కుట్టుపని నేర్చుకుని దుబాయ్ వచ్చి, బర్ దుబాయ్‌లో ఒక బట్టల కొట్టు వెనక మెషీన్ తొక్కి, అక్కణ్నుంచి మా దగ్గరికి వచ్చింది. చీకట్లో హుక్కులు పెట్టడంలో ఆమెకి ఎవరూ సాటి రారు. నోరు కూడా అంతే చురుకు. లావుపాటి గాయకుడొకాయన్ని జాకెట్టులోకి ఎక్కిస్తూ "ఊపిరి బిగబట్టు నాయనా, పాట మళ్ల పాడుకుందువు గానీ" అని తెలుగులోనే గదమాయించేది. ఆయనకి భాష రాకపోయినా ఊపిరి బిగబట్టేవాడు.

ఆమె భర్త బాషా ఏసీ మెకానిక్. కంపెనీ వాళ్ల క్యాంపు అబుదాబి బయట మఫ్రఖ్‌లో. శుక్రవారాలు బస్సులో దుబాయ్ వచ్చేవాడు. 2020 వేసవిలో అతనికి జబ్బు చేసింది. అప్పుడే అబుదాబికి రాకపోకలు ఆపేశారు. గంటన్నర ప్రయాణం ఆమెకి సముద్రమైపోయింది. చివరిసారి చూసింది ఫోన్‌లోనే. ఎవరో నర్సు ఫోన్ పట్టుకుంటే, మూతికి మాస్కుతో అతను కళ్లార్పుతూ ఉన్నాడట. కాసేపటికి ఫోన్ కట్టయింది. మర్నాడు కంపెనీ నుంచి కబురొచ్చింది. అక్కడే ఖననం చేశారు. భర్త పోయాక గడప దాటకుండా ఉండే ఇద్దత్ రోజులు ఆమె బర్ దుబాయ్ ఫ్లాట్‌లో, నలుగురుండే గదిలో, ఒక కర్టెన్ వెనక గడిపింది. హాలు మళ్లీ తెరిచాక పనిలోకి వచ్చింది. ఆ సంగతి తను మళ్లీ ఎత్తలేదు, మేమూ ఎత్తలేదు.

ఆ చివరి అంకంలో మాకో చిక్కు వచ్చింది. మంచం మీద ఉన్న అన్కాకి వేదిక మీదే కొన్ని మార్చాలి. ఆక్సిజన్ మాస్కు తీసి, పాడడానికి వీలుండే ఇంకో గొట్టం పెట్టాలి. చెమటకి తడిసిన గౌను వెనక ముడి వదులు చేయాలి, లేకపోతే పై స్వరానికి ఊపిరి అందదు. ఇలాంటప్పుడు డ్రెస్సర్‌కే ఏదో వేషం వేసి వేదిక మీదికి పంపడం మా పనిలో ఉన్న పద్ధతే. సిల్వానా వెంటనే "నర్సు" అంది. ఒళ్లంతా కప్పే తెల్ల సూటు, కళ్లజోడు, మొహానికి అద్దం. నర్సు వచ్చి గొట్టాలు మారుస్తుంది, అమ్మాయి ప్రేమికుడికి వీడియో కాల్ చేస్తే ఫోన్ పట్టుకుంటుంది, అతను గాజు అవతలికి రాగానే వెళ్లిపోతుంది.

ఫోన్ పట్టుకోవడం అని వినగానే నాకు బాషా గుర్తొచ్చాడు. నబీల్ దగ్గరికి వెళ్లాను. ఆయనా ఆలోచించాడు. "ఏజెన్సీ నుంచి ఎవర్నైనా తెద్దాం. హుక్కులు నెమ్మదిగా పెడితే పెట్టనీ" అన్నాడు. అలాంటి బాస్ దొరికితే వదలకండి అన్నాను కదా. కానీ ఆమెని అడక్కుండా ఆమె మంచి మనం తేల్చెయ్యడం నాకు నచ్చలేదు. వెళ్లి అడిగాను.

జైనబీ ఇస్త్రీ ఆపలేదు. "నేనే చేస్తానక్కా. ఆ తావు ఆ పక్కనుంచి చూసినా. ఈ పక్కనుంచి గూడ చూడనీ."

"మధ్యలో కష్టమనిపిస్తే?"

"కష్టం ఇంట్లో కూచుంటే లేదా యేమి?"

సరే అన్నాను. ఆమె కోసం మంచం కాలి వెనక, జనానికి కనబడకుండా, రెండు బుల్లి దీపాలు పెట్టించాను. ఆ సూటు గరగరలో హెడ్‌సెట్ వినబడదు. అందుకని దీపాలతోనే సైగ. ఎరుపు వెలిగితే సిద్ధంగా ఉండు. ఆకుపచ్చ వెలిగితే వెళ్లిపో. ఎరుపు వెలిగి, ఆకుపచ్చ రాకుండానే ఆరిపోతే ఆ పని రద్దయినట్టు, ఉన్నచోటే ఉండిపోవాలి. ఏ దేశం వేదిక మీదైనా ఇంచుమించు ఇలాంటి సైగలే ఉంటాయి. స్విచ్చులు నా బల్ల మీద.

"ఎందుకు పోవల్ల?"

రిహార్సల్స్ బాగా జరిగాయి. జైనబీ వచ్చేది, గొట్టాలు మార్చేది, ఫోన్ పట్టుకునేది, ఆకుపచ్చ వెలగ్గానే వెళ్లిపోయేది. ఒక్కసారి కూడా తప్పలేదు. నేను ఊపిరి పీల్చుకున్నాను.

ప్రదర్శనకి మూడు రోజుల ముందు టీ తాగుతుంటే వచ్చి నా పక్కన కూర్చుంది.

"అక్కా, ఆ నర్సు ఎందుకు పోవల్ల?"

"డైరెక్టర్ అలా పెట్టింది."

"ఆ పాప సస్తా ఉంటే ఇడిసిపెట్టి పోతాదా? కాళ్లెట్ల ఆడతాయి?"

"ఇంకో పేషెంట్ దగ్గరికి వెళ్లాలేమో."

"పోవల్లనే ఉంటాది. అయినా పోదు." నా వైపు తిరిగి, "నువ్వు చెప్పు ఆయమ్మకు. ఆడనే ఉండనీ నన్ను. నేనేం చెయ్యను. ఊరికే నిలబడతా" అంది.

పిల్లలూ, ఇక్కడ జాగ్రత్తగా వినండి. దర్శకులకీ నటులకీ మధ్య మనం తీర్పరులం కాదు. "అదిగో, జైనబీ ఇలా అంటోంది, నాకూ నిజమే అనిపిస్తోంది" అని నేను వెళ్లి చెప్పకూడదు. నా అభిప్రాయం ఎవరూ అడగలేదు. దర్శకురాలు కట్టిన ఇంటికి కాపలా నేను. ఆ ఇంట్లో కిటికీ ఎటుండాలో చెప్పడం నా పని కాదు. అలాగని జైనబీ నోరు మూయడం కూడా నా పని కాదు.

"నేను చెప్పను. నువ్వే చెప్పు. ఆవిడకి తెలుగు రాదు, నీకు ఇంగ్లీషు రాదు. నేను తర్జుమా చేస్తాను, అంతే" అన్నాను.

నబీల్‌కి తెలిసి చిందులు తొక్కాడు. "ఈ రోజు డ్రెస్సర్ కథ మారుస్తుంది, రేపు ఎలక్ట్రీషియన్ సంగీతం మారుస్తాడు! యల్లా, కానివ్వండి, నేనూ ఓ పాట రాస్తా!" ఓ పావుగంట అరిచి, మమ్మల్ని కూర్చోబెట్టడానికి తన గదే ఇచ్చాడు.

తర్జుమా

ఆ గదిలో మేం ముగ్గురమే ఉన్నాం. మాస్కులు, మధ్యలో బల్ల. జైనబీ చున్నీ సవరించుకుని మొదలుపెట్టింది. నేను ఒక్కో మాటా ఇంగ్లీషులో పెడుతూ వచ్చాను.

ముందు నర్సు సంగతి చెప్పింది. సిల్వానా ఓపికగా వింది. ఆమె జవాబు కూడా మంచిగానే ఉంది. "ఎవరైనా పక్కన ఉంటే చూసేవాళ్లకి ఓదార్పు దొరుకుతుంది. హమ్మయ్య అనుకుని ఇంటికెళ్లి భోంచేస్తారు. నాకు వాళ్లకి ఓదార్పు ఇవ్వాలని లేదు. ఆ ఏడాది మనుషులు ఒంటరిగా పోయారు. అది మర్చిపోవద్దని నేను ఈ నాటకం చేస్తున్నాను. మా అమ్మ పక్కన ఎవరూ లేరు."

నేను అది తెలుగులో చెప్పాను. జైనబీ అంతా విన్న తరవాత నెమ్మదిగా అడిగింది.

"ఎవురూ లేరని నీకెవురు చెప్పినారమ్మా?"

ఉన్నదున్నట్టు తర్జుమా చేశాను.

సిల్వానా వెంటనే జవాబిచ్చింది. "ఆస్పత్రి నుంచి ఫోన్ వచ్చింది. ఉదయం పోయిందని చెప్పారు. మమ్మల్ని లోపలికి రానివ్వలేదు. ఇంకెవరుంటారు?"

"మా ఆయన కాడ ఒక పాప ఉండె," అంది జైనబీ. "మొఖం కనపల్లా, ఫోన్ పట్టుకున్న చెయ్యే కనపడె. ఆ చెయ్యి వణకతా ఉండె, శానాసేపు పట్టుకొని ఉంటే. మళ్ల ఫోన్ కట్టయిపోయె. ఆ పాప ఆడనే ఉందో పోయిందో నాకు తెల్దు. ఖుదా కసం, తెల్దు. ఉందనుకుంటా. అట్ల అనుకోకపోతే నాకు మెతుకు గొంతు దిగదు."

నేను ఇంగ్లీషులో చెప్పడం పూర్తయ్యాక సిల్వానా లేచి నిలబడింది. "నన్ను క్షమించమని చెప్పు. నేను మార్చలేను" అని గది నుంచి వెళ్లిపోయింది. ఆమె కళ్లల్లో కోపం లేదు, దెబ్బ తగిలిన మనిషిలా ఉంది.

నాకు ఇద్దరి మీదా జాలేసింది. ఒకళ్లు అమ్మ ఒంటరిగా పోయిందన్న బాధని పట్టుకుని బతుకుతున్నారు, ఇంకొకళ్లు భర్త ఒంటరిగా పోలేదన్న ఆశ పట్టుకుని బతుకుతున్నారు. ఒకరిది నిలబడితే ఇంకొకరిది పడిపోతుంది. ఇలాంటిచోట ఎవరిది రైటని అడిగితే నేను చెప్పలేను, ఇప్పటికీ చెప్పలేను.

బయటికి వచ్చాక జైనబీ "పోనీలేక్కా, అడిగితిని గదా" అంది. "ఆయమ్మ నాటకం. ఆకుపచ్చ ఎలిగితే పోతా." చివరి రిహార్సల్‌లో అలాగే వెళ్లిపోయింది. అన్నమాట ప్రకారం, తల తిప్పి కూడా చూడలేదు.

మొదటి ప్రదర్శన

మొదటి ప్రదర్శన నాడు హాలు సగమే నిండింది. సగం కుర్చీలకి టేపు వేసి ఉంచాం, మిగతావాళ్లు మాస్కులు వేసుకుని కూర్చున్నారు. మాస్కుల మీద కళ్లు మాత్రమే కనబడే జనం ముందు చావు నాటకం ఆడడం ఎలా ఉంటుందో మీకు మళ్లీ ఎప్పుడూ తెలియకూడదని కోరుకుంటున్నాను.

దర్శకుల స్థానం ఆ రోజు జనం మధ్యలో. ప్రదర్శన మొదలయ్యాక వాళ్లు తెర వెనక్కి రాకూడదు. వస్తే పంపేస్తాను, చాలామందిని పంపేశాను కూడా. అందుకే చివరి అంకం మొదలై కాస్త నడిచాక నా బల్ల పక్కన నీలం స్వెటరు కనబడేసరికి నాకు ఒళ్లు మండింది.

"మాధవీ," అంది సిల్వానా గుసగుసగా. "నర్సుని పంపించొద్దు."

"ఏమిటీ?"

"నాకు తెలియదు." ఆమె వేదిక వైపే చూస్తోంది. "ఎవరూ లేరని నాకు తెలియదు. ఇన్నాళ్లూ తెలుసనుకున్నాను."

మొదటి ప్రదర్శన మధ్యలో, నటులకి చెప్పకుండా, ఒక మనిషి కదలిక మార్చడం. ఈ పని చేసినవాళ్లని నేను జన్మలో క్షమించలేదు. దీనివల్ల కాళ్లు విరిగిన సంగతులు నాకు తెలుసు. అన్కాకి తెలియదు, గాజు అవతలి గాయకుడికి తెలియదు. జైనబీకే తెలియదు. ఆమె అప్పటికే వేదిక మీద ఉంది, తెల్ల సూటులో, మంచం పక్కన, ఫోన్ పట్టుకుని.

ఇలాంటప్పుడు మనసుని కాదు, వేదికని చూడాలి. చూశాను. గాజు గోడ కదలదు. మంచం కదలదు. ఆమె నిలబడ్డచోట పైనుంచి ఏదీ దిగదు. ఆమె దారికి ఎవరూ అడ్డం రారు. ప్రమాదం లేదు. తెర పడేదాకా ఈ నాటకానికి దర్శకురాలు ఈవిడే. "సరే" అన్నాను.

ఎరుపు అప్పటికే వెలిగించి ఉంది. గాజు అవతల ప్రేమికుడు పరిగెత్తుకుంటూ వచ్చాడు. అరచేతులు గాజుకి ఆన్చి పాట అందుకున్నాడు. రోజూ సరిగ్గా ఇక్కడే ఆకుపచ్చ నొక్కేదాన్ని. జైనబీ తల వంచి మంచం కాలి వైపు చూస్తోంది. ఒక పాదం అప్పుడే తలుపు వైపు తిరిగి ఉంది.

ఎరుపు ఆర్పేశాను.

ఆమె కదల్లేదు. ఆ అద్దం వెనక మొహం నాకు కనబడదు, వీపే కనబడుతోంది. దీపం కోసం ఇంకా చూస్తోంది. పొరపాటు జరిగిందనుకుంటుందేమో, అలవాటు ప్రకారం వెళ్లిపోతుందేమో అని ఆ పాదాన్నే చూస్తున్నాను. సిల్వానా నా కుర్చీ వీపు పట్టుకుంది.

తలుపు వైపు తిరిగిన పాదం వెనక్కి వచ్చింది. జైనబీ ఫోన్‌ని మెల్లగా సూటు జేబులో పెట్టుకుంది. రెండు చేతుల గ్లవ్స్ తీసేసింది. ఎవరూ తియ్యమని చెప్పలేదు. మంచం అంచున కూర్చుని అన్కా చేతిని తన చేతుల్లోకి తీసుకుంది.

అన్కా గొప్ప గాయని అని నాకు ఆ క్షణంలో తెలిసింది. ఏం జరుగుతోందో ఆమెకి తెలియదు, అయినా ఒక్క స్వరం తొణకలేదు. వేళ్లు మాత్రం జైనబీ వేళ్ల చుట్టూ బిగుసుకున్నాయి. కళ్లు గాజు అవతలివాడి మీద, చెయ్యి ఈమె చేతిలో. అలాగే చివరిదాకా పాడి, అలాగే కన్ను మూసింది.

"తెర, ఇప్పుడు" అన్నాను. తెర పడింది. తరవాత చప్పట్లు మొదలై ఆగకుండా పెరిగాయి.

మామూలుగా వేదిక మీద చనిపోయినవాళ్లు తెర పడగానే లేచి కూర్చుంటారు. నీళ్లడుగుతారు, జుట్టు సర్దుకుంటారు, వందనాలకి వరసలో నిలబడతారు. అన్కా లేవలేదు. జైనబీ చెయ్యి వదల్లేదు మరి.

హెడ్‌సెట్‌లో నబీల్ మొదలుపెట్టాడు. "మాధవీ, తెర లేపు! జనం లేచి నిలబడ్డారు! యల్లా, వందనాలు!" చప్పట్లు కొడుతున్న జనాన్ని నేను అంతవరకూ ఎన్నడూ ఎదురుచూడనివ్వలేదు. హెడ్‌సెట్ తీసి బల్ల మీద పెట్టి వేదిక మీదికి నడిచాను. సిల్వానా వెనకే వచ్చి, గాజు గోడ దగ్గరే ఆగిపోయి, రెండు చేతులతో మొహం కప్పుకుంది.

జైనబీ అద్దం లోపల ఆవిరి పట్టి ఉంది. భుజం మీద చెయ్యి వేశాను. తలెత్తకుండానే అంది.

"ఎచ్చగుండాదక్కా ఈ పాప చెయ్యి."

ఏడుపొచ్చింది, ఏడ్చాను. మంచం మీద పడుకునే, కళ్లు తెరవకుండానే, అన్కా "ఏమంటోంది?" అని ఇంగ్లీషులో అడిగింది. చెప్పాను. తెర అవతల జనం ఇంకా కొడుతూనే ఉన్నారు. అన్కా తన రెండో చెయ్యి కూడా తెచ్చి జైనబీ చేతుల మీద వేసింది.

"నాకేం తొందర లేదని చెప్పు" అంది.

"తొందరేం లేదంట జైనబీ" అన్నాను.